గొంగడి తీసిన డబ్బా

చెక్క పలక నట్టనడుమ సన్నమేకు దిగ్గొట్టి, దానికి దారం ముడేసి, దారం రెండో కొసకు పెన్సిల్ కట్టి మృత్యుంజయ గుండ్రంగా గీత తిప్పాడు. దారం సాగిందేమోనన్న అనుమానంతో అదే గీత మీద ఇంకోసారి తిప్పాడు. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడ్డాకే రంపం మిషన్ చేతికి తీసుకున్నాడు. పలకకు మోకాలు ఆనించి, పన్ను గీతకు లోపలివైపే నడిచేలా చూసుకుంటూ మెల్లగా కోశాడు. గీత దాటితే, బేస్ పలికే పెద్ద స్పీకర్, వూఫర్, అందులో వదులుగా కూర్చుంటుంది. వదులున్న చోట గాలి దూరుతుంది. గాలి దూరిన డబ్బా బేస్ ఇవ్వదు, చుట్టకాల్చే ముసలాయన దగ్గులాంటి చప్పుడు ఇస్తుంది.

గుండ్రటి ముక్క ఊడి కింద పడింది. పక్క దుకాణం ముందు లారీ టైరు మీద కూర్చున్న భూమన్న దాన్ని కాలితో తన వైపు లాక్కున్నాడు. అతనిది పంక్చర్ దుకాణం. బండ్లు రానప్పుడు మృత్యుంజయ పనిని చూస్తూ మాటలు విసరడం అతనికి రెండో ఉద్యోగం.

"ఇది నాకు ఇడిసిపెట్టు జయన్నా. రొట్టెల పీట చేస్కుంట."

"పోయినసారి తీస్కపోయిందేమైంది?"

"అది నీళ్ల కుండ మీద మూతయ్యింది. ఇది దానికంటె పెద్దగున్నది. గింత పెద్ద బొక్కేందిరా బై? దీంట్ల దూడను తోల్తవా ఏంది?"

"పదిహేనించుల వూఫర్."

"అయితే ఖేడ్ల ఎవ్వనిదో గోడ కూలుతది ఇగ."

జయన్న నవ్వి పలక మీది పొట్టు ఊదాడు. మృత్యుంజయ అని అతన్ని పూర్తి పేరుతో పిలిచేది ఇంట్లో తల్లి ఒక్కతే. నారాయణఖేడ్ నుంచి మనూర్ పోయే దారిలో అతని రేకుల షెడ్డు ఉంది. బోర్డు లేదు. కారులో పాటల పెట్టె సరిగా పాడకపోయినా, డిక్కీలో వూఫర్ పెట్టించుకోవాలన్నా కల్హేర్ వాళ్లూ మనూర్ వాళ్లూ అక్కడికే వస్తారు.

ఆ డబ్బా తయారవుతున్నది రుద్రేష్ అనే కుర్రవాడు తెచ్చిన తెల్ల కారు కోసం. రుద్రేష్ దాన్ని కిరాయికి నడుపుతాడు. కారు వదిలిపోతూ ఒకే మాట అన్నాడు. "అన్నా, ఉన్నదాంట్ల అన్నిటికంటె పెద్దది పెట్టు." ఇలాంటి మాట జయన్నకు కొత్త కాదు. వయసు పిల్లలంతా అదే అంటారు. వాళ్లకు కావలసింది బజారులో పోతుంటే నలుగురు తిరిగి చూడటం. జయన్న వాళ్ల మాట వింటాడు, పని మాత్రం తనకు తెలిసినట్టే చేస్తాడు. ఇంటికి పోయి విన్నాక వాళ్లే ఇంకో కారువాడిని వెంటబెట్టుకొని మళ్లీ వస్తారు.

అతని పద్ధతి అతనికే సొంతం. ఎవరూ నేర్పలేదు. ఇంట్లో మాట కన్నడం, బజారులో మాట తెలుగు. తండ్రి రుద్రప్పది గింజల వ్యాపారం. దుకాణంలో ఒక రేడియో ఉండేది. దాన్ని జొన్నల బస్తా మీద పెడితే ఒక గొంతుతో పలికేది, ఇనప పెట్టె మీద పెడితే ఇంకో గొంతుతో పలికేది. రేడియో అదే, పాట అదే, గొంతు ఎందుకు మారింది? ఆ ప్రశ్న తండ్రిని అడిగితే బస్తా కుట్టమని దబ్బనం చేతికిచ్చాడు. జవాబు వెతుక్కుంటూ జయన్న బీదర్ పోయి కార్ల టేపులు బిగించే దుకాణంలో చేరాడు. అక్కడి ఉస్తాద్ నోరు విప్పే మనిషి కాదు. పాడైన పెట్టెలను విప్పి, మళ్లీ బిగించి, బిగించాక మిగిలిపోయిన స్క్రూ ఎక్కడిదో వెతికి వెతికి అతను పని నేర్చుకున్నాడు.

ఖేడ్‌కు తిరిగొచ్చాక నేర్చుకున్నవి రెండు. ఒకటి జొన్నలు. కారులో ఎక్కడో గరగరమని చప్పుడు వస్తుంటే చెవితో వెతకడం కష్టం. జయన్న డిక్కీ మూత మీద, వెనక అద్దం కింది పలక మీద, డోర్ల మీద గుప్పెడేసి జొన్నలు చల్లి పాట పెడతాడు. వణికే చోట గింజలు ఎగురుతాయి, వణకని చోటికి పోయి కుదురుకుంటాయి. ఎక్కడ ఎగిరాయో అక్కడ చప్పుడు. రెండోది గొంగడి. కల్హేర్ వైపు గొర్ల కాపరి ఒకాయన పాటల పెట్టెను మడతపెట్టిన గొంగడి మీద పెట్టుకొని వినడం ఒకసారి చూశాడు. పెట్టె ఎంత అరిచినా దాని కింది బల్ల కదలలేదు. ఉన్ని మొత్తం తాగేస్తోంది. ఆ రోజు నుంచి జయన్న బిగించిన ప్రతి డబ్బా కింద గొంగడి ముక్క ఉంటుంది. అతను చేసిన కారులో బేస్ తప్ప ఇంకే చప్పుడూ రాదు. నంబర్ ప్లేటు కూడా మాట్లాడదు. అతను గొప్ప చెప్పుకునే మనిషి కాడు గానీ, ఈ ఒక్క విషయంలో మాత్రం లోపల గర్వం ఉంది.

డబ్బా అంచులకు జిగురులో రంపపు పొట్టు కలిపి పూస్తుండగా స్కూటరు వచ్చి ఆగింది. రుద్రేష్ దిగాడు. వెనక అతని చెల్లెలు అక్షత. మెడలో కొలతల టేపు, చున్నీ అంచుకు గుచ్చిన సూది చూస్తే బట్టలు కుట్టే మనిషని తెలిసిపోతుంది. వస్తూనే ఎవరినీ పలకరించకుండా డబ్బా దగ్గరికి పోయి, పలక మీద అరచెయ్యి ఆనించి, చుట్టూ తిరిగింది.

జయన్న ఉప్పు కాగితం తీసుకుంటూ అన్నాడు. "చెల్లె, జెర పక్కకు జరుగు. పొట్టు కండ్లల్ల పడ్తది."

ఆమె జరగలేదు. ఇంకొంచెం గట్టిగా అన్నాడు. అయినా జరగలేదు.

"నీ మాటకు మస్తు ఇజ్జతున్నది జయన్నా," అన్నాడు భూమన్న.

రుద్రేష్ ఆమె భుజం తట్టి చేతులతో ఏదో చెప్పాడు. ఆమె వెంటనే పక్కకు జరిగి, జయన్న వైపు చూసి క్షమించమన్నట్టు నవ్వింది.

"అన్నా, ఆమెకు ఇనపడది," అన్నాడు రుద్రేష్. "చిన్నప్పుడు జరమొచ్చింది. గప్పటి సంది."

భూమన్న చేతిలోని పలక ముక్కను మెల్లగా కింద పెట్టాడు. జయన్న మాత్రం ఉప్పు కాగితం పట్టుకొని అలాగే నిలబడ్డాడు. అతని మొహంలో కనిపించింది జాలి కాదు. చిన్నప్పుడు జొన్నల బస్తా మీది రేడియోను చూసిన చూపే అది.

"హౌదా?" అన్నాడు, ఆశ్చర్యం వచ్చినప్పుడు ఇంటి భాషే నోటికొస్తుంది కాబట్టి. "మరి గీ వూఫర్ ఎవ్వరికి?"

"ఆమెకే. కారు గూడ ఆమెదే. నేను తోలుతున్న, గంతే."

"ఎందుకు?"

ఆ మాట అక్షతకు పెదవుల మీదే అర్థమైంది. జనం ఆమెను ఎక్కువగా అడిగే మాట అదే. ఫోన్ తీసి గబగబా టైపు చేసి జయన్న మొహం ముందు పెట్టింది.

"ఆదివారం అంకిత పెండ్లి. మా దుకాణం పక్కనే ఉంటది, నా దోస్తు. బరాత్ ఊరేగింపుల నేను ఆడాలె. ఇప్పటిదాంక అందరి కాళ్లు చూస్కుంట ఆడిన. వాళ్ల కాలు పడ్డంక నా కాలు పడ్తది. పోరగాండ్లు నవ్వుతరు. ఈసారి ఎవ్వరి కాళ్లు చూడ. పాట నా ఒంటికి తెల్వాలె."

జయన్న చదివి, మళ్లీ మొదటి నుంచి చదివాడు.

"బరాత్ల డీజే బాక్సులుంటై గద," అన్నాడు రుద్రేష్‌తో. "గవి గుండెల్నే గుద్దుతై. తెల్వదా?"

"తెలుస్తది గాని అన్ని ఒక్కటే గుద్దుడన్నా. ఏ పాటనో, దెబ్బ ఏడ పడ్తదో ముందుగాల ఎరికుండాలె. ఏ పాటలు పెట్టాల్నో అంకిత డీజే వానికి చెప్పింది. గవే పాటలు గీమె కార్ల కూసొని నేర్చుకుంటదట. ఏ పాట మొదలైందో అంకిత పెండ్లిబండి మీదికెల్లి వేళ్లతోటి చూపిస్తదట. ఇద్దరు కలిసి ప్లాన్ ఏసిండ్రు. నన్ను అడిగినోళ్లు లేరు."

అక్షత అన్న పెదవులు చూసి అతని వీపు మీద ఒక్కటి చరిచింది.

"ఎల్లుండి పొద్దుగాల రండి," అన్నాడు జయన్న.

ఆ రెండు రోజులూ అతను వేరే పని ముట్టలేదు. డబ్బాను నాలుగు వైపులా మూసేశాడు, గాలి పోయే గొట్టం పెట్టలేదు. గొట్టం పెడితే బేస్ పెద్దగా వస్తుంది గానీ సాగుతుంది, మూసిన డబ్బాలో దెబ్బ పడి వెంటనే ఆగుతుంది. బ్యాటరీ నుంచి లావు వైరు లాగి, మొదట్లోనే ఫ్యూజు వేసి, కారు నేల చాప కింది నుంచి డిక్కీలో బిగించిన ఆంప్లిఫయర్‌కు తెచ్చాడు. ఎర్త్ వైరు బిగించే చోట బాడీ మీది రంగును ఇనుము తెల్లగా కనిపించేదాకా గీకాడు. చిన్న బ్యాటరీ ఒకటి వూఫర్ తీగలకు తాకించి కాగితపు కోను బయటికి ఉబ్బుతోందా లోపలికి పోతోందా చూసి ప్లస్సూ మైనస్సూ గుర్తు పెట్టుకున్నాడు. చివర గొంగడిని రెండు మడతలు పెట్టి డిక్కీ నేల మీద పరిచి, దాని మీద డబ్బా దించి, బెల్టుతో బిగించాడు. ఈసారి పనిలో ఏ లోపమూ ఉండకూడదనుకొని, సీటుకూ డబ్బాకూ మధ్య కూడా ఇంకో గొంగడి ముక్క దోపాడు.

వాళ్లు వచ్చేలోపు పాట పెట్టి విన్నాడు. భూమన్న కూడా లేచి వచ్చి నిలబడ్డాడు.

"అరె, మస్తున్నదిరా. ఎక్కడ గూడ గరగర లేదు. నీ చేతి పనులల్ల ఇదే పెద్దది."

జయన్నకు కూడా అలాగే అనిపించింది. నున్నగా, లోతుగా, అంచులు లేని బేస్. డిక్కీ మూత మీద జొన్నలు చల్లితే ఒక్క గింజ కూడా కదల్లేదు.

అక్షత వచ్చి వెనక సీట్లో కూర్చుంది. వీపు సీటుకు ఆనించి, రెండు చేతులూ పక్కన పెట్టి, కళ్లు మూసుకుంది. జయన్న పాట పెట్టాడు. ఆమె కళ్లు మూసుకొనే ఉంది. పాట సగం అయ్యింది. ఆమె కళ్లు తెరిచి, ఇంకా పెట్టలేదా అన్నట్టు అతని వైపు చూసింది.

జయన్న శబ్దం పెంచాడు. భూమన్న దుకాణంలో రేకు డబ్బా అల్మారా మీంచి కింద పడింది. రుద్రేష్ చెవులు మూసుకున్నాడు. రోడ్డు మీద పోతున్న షేర్ ఆటోలో జనం తలలు బయట పెట్టి చూశారు. అక్షత మెడ వెనక చెయ్యి పెట్టుకొని, కొంచెం గాలి తగులుతోందని ఊదుతూ సైగ చేసింది. అంతకు మించి ఏమీ లేదని తల అడ్డంగా ఊపింది.

పాట ఆపాక అక్షత కిందికి దిగి, డిక్కీ వైపు చూసింది. ఏడుపు మొహం పెట్టలేదు గానీ ఆమె పెదవి బిగుసుకుంది. మెడలోని టేపును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది.

"ఇంకా పెద్దది పెడ్తే?" అన్నాడు రుద్రేష్.

"పెద్దదాని ముచ్చట గాదిది." జయన్న కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. "రేకు డబ్బా కింద పడ్డది. నీ చెవులు నొచ్చినై. మరి నడుమ కూసున్న మనిషికి ఏం తెల్వలేదు. చప్పుడు యాడికి పోతుంది?"

లోపలికి పోయి స్టీలు పళ్లెం తెచ్చాడు. అందులో గుప్పెడు జొన్నలు పోసి వెనక సీటు మీద పెట్టాడు. పాట పెట్టాడు. నలుగురూ కిటికీల్లోంచి వంగి చూశారు. కారు బయట బేస్ దడదడలాడుతోంది. పళ్లెంలో గింజలు ఎక్కడివక్కడే ఉన్నాయి. పళ్లేన్ని షెడ్డులోని బల్ల మీద పెట్టాడు. అక్కడ గింజలు ఎగిరెగిరి పడ్డాయి.

"కారు బయట ఆడుతున్నై, కారు లోపట పండుకున్నై," అన్నాడు భూమన్న. ఈసారి ఎగతాళిగా కాదు, అతనికీ వింతగానే ఉంది.

జయన్న జవాబు కోసం డిక్కీలోకి తలపెట్టి చూస్తుండగా, పక్కనుంచి అక్షత చెయ్యి లోపలికి వచ్చింది. ఆమె వేళ్లు డబ్బా కింద బయటికి కనిపిస్తున్న గొంగడి అంచును పట్టుకున్నాయి. గుడ్డ రకం చూసే మనిషి చూసినట్టు బొటనవేలితో నలిపింది. దాని మందం చూసింది. అన్నను పిలిచి చేతులతో చెప్పడం మొదలుపెట్టింది, మధ్యలో ఓపిక లేక ఫోన్ తీసింది.

"నా మిషన్ కింద దుప్పటి ఏసిన ఒకసారి. కింద ఇంటోళ్లు లడాయి పెట్టుకున్నరు, చప్పుడైతుందని. దుప్పటి ఏసినంక దారం తెగితే నాకు తెల్వలే. సూది ఉత్తగనే కుడ్తుంది, నేను కుడ్తనే ఉన్న. బ్లౌజు మొత్తం ఖరాబయ్యింది. దారం తెగితే బల్ల మీద నా చేతికి తెలుస్తది. దుప్పటి తాగేస్తది. మల్ల దుప్పటి తీసేసిన. కిందోళ్లతోటి లడాయే నయం."

జయన్న ఫోన్ మీంచి కళ్లెత్తి గొంగడి వైపు చూశాడు. ఎన్నేళ్లుగానో అదే గొంగడిని మెచ్చుకుంటూ వచ్చాడు, చప్పుడునంతా తాగేస్తుందని. తాగినది ఎవరికి అందకుండా పోతోందో ఎప్పుడూ అడగలేదు. చెవితో వినేవాడికి పనికిరాని వణుకు అది. ఆమెకు పాటంటే ఆ వణుకే. అతను శ్రద్ధగా, ఇంకే కారుకూ చేయనంత శ్రద్ధగా, ఆమె పాటను డిక్కీలోనే దాచిపెట్టాడు.

"పానా ఇయ్యి భూమన్నా."

"ఏం చేస్తవ్?"

"గొంగడి తీస్త."

"గొంగడి తీస్తవా?" భూమన్న నిజంగానే కంగారుపడ్డాడు. "అరె, కారంత గరగర అంటది గద! జయన్న చేసిన కారు గిట్లున్నదంటరు జనం. ఇంగొక్కసారి సోంచాయించు."

"సోంచాయించిన. ఇయ్యి."

డబ్బా దించి రెండు గొంగడి ముక్కలూ లాగేశాడు. దాన్ని ఉత్త నేల మీద పెట్టడంతో కూడా ఆగలేదు. వెనక సీటును పట్టుకొని ఉండే ఇనప చట్రానికి డబ్బా ముందు పలకను ఆనించి, నాలుగు చోట్ల తొలిచి, బోల్టులతో బిగించాడు. ఇప్పుడు డబ్బా, చట్రం, సీటు ఒకే ఒళ్లు. ఆ బిగింపు ప్రతిదీ అతని అలవాటుకు ఎదురు పని. చేతులు రెండుసార్లు ఆగాయి. బోల్టు కింద రబ్బరు వాషరు పెట్టబోయి, గుర్తొచ్చి, ఇనప వాషరే పెట్టాడు.

పాట పెట్టగానే సీటు మీది పళ్లెంలో జొన్నలు లేచాయి. కారు మొత్తం గరగరలాడింది. నంబర్ ప్లేటు, డిక్కీ తాళం, వెనక అద్దం కింది పలక, అన్నీ ఒక్కసారిగా గొంతెత్తాయి. జయన్న పళ్లు బిగించాడు.

అక్షత కూర్చుంది. కూర్చున్న మరుక్షణం ఆమె కళ్లు పెద్దవయ్యాయి. సీటుకు వీపు గట్టిగా నొక్కి అన్న వైపు చూసి గట్టిగా నవ్వింది. రుద్రేష్ చప్పట్లు కొట్టబోయాడు.

"ఆగు," అన్నాడు జయన్న. "దెబ్బ తెలుస్తుందా అడుగు. చేత్తోటి కొట్టమను."

అక్షత కిటికీలోంచి చెయ్యి బయటికి చాపి కారు పైకప్పు మీద కొట్టింది. ఒకటి కొట్టింది, ఆగింది, ఇంకోటి కొట్టింది. పాట ఒక దారిన పోతోంది, ఆమె చెయ్యి ఇంకో దారిన పోతోంది. చెయ్యి ఆపేసి, అరచేతిని గాలిలో సన్నగా వణికించి చూపించింది.

"పిండి గిర్ని లెక్క ఉన్నదట," అన్నాడు రుద్రేష్. "ఆగకుంట బుర్రుమని. దెబ్బలు ఏరుపడ్తలేవట."

జయన్న పళ్లెం చూశాడు. గింజలు నిజంగానే అలా ఉన్నాయి. లేచినవి దిగడం లేదు, ఉడుకుతున్నట్టు ఒకటే కుతకుత. అతను డిక్కీలోని ఆంప్లిఫయర్ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. సన్న స్క్రూడ్రైవర్ తీసుకున్నాడు. ఇంతవరకూ అందరూ తన దగ్గర పెంచమని అడిగినవే ఆ బటన్లన్నీ. బేస్‌ను ఎగదోసే బటన్‌ను పూర్తిగా సున్నాకు తెచ్చాడు. శబ్దాన్ని మెల్లగా తగ్గించాడు. ఏ స్వరం దాకా వూఫర్‌కు పంపాలో కత్తిరించే బటన్‌ను వెంట్రుకవాసి పైకి జరిపాడు, డోలు దెబ్బ మొదట్లో ఉండే గట్టిదనం కూడా వూఫర్‌కు చేరేలా.

"కొట్టమను."

పైకప్పు మీద టప్... టప్. ఇంకా వెనకే ఉంది. శబ్దం ఇంకొంచెం దించాడు.

"కొట్టమను."

"అన్నా, తగ్గిస్తున్నవ్. ఎట్ల తెలుస్తది?"

"నువ్వు ఇనకు. ఆమె చెయ్యి చూడు."

జయన్న తల డిక్కీలో ఉంది. అతనికి అక్షత మొహం కనిపించదు. చెవులకు పాట, నెత్తి మీద ఆమె అరచేతి చప్పుడు, అంతే. ఒక చెయ్యి బటన్ మీద పెట్టి, రెండిటి మధ్య దూరాన్ని వింటూ వెంట్రుకవాసి తిప్పుతూ పోయాడు. వూఫర్లు సరిచేసే పని ఇంతకాలం తన చెవితో చేశాడు. ఇప్పుడు ఇంకొకరి వీపుతో చేస్తున్నాడు. ఎక్కడ ఆగాలో అతనికి తెలియదు, ఆమె చెయ్యి చెప్పాలి. దూరం తగ్గింది. మళ్లీ పెరిగింది, ఎక్కువ తిప్పేశాడు. వెనక్కి వచ్చాడు.

టప్. టప్. టప్ టప్ టప్.

దెబ్బ మీద దెబ్బ పడింది. పాటలో డోలు ఎక్కడ పడితే పైకప్పు మీద చెయ్యి అక్కడే పడింది. జయన్న స్క్రూడ్రైవర్ తీసేసి, విన్నాడు. చరణం మారింది. డోలు నడక మారింది. చెయ్యి ఒక్క దెబ్బ తడబడి, రెండో దానికే అందుకుంది. పళ్లెంలో గింజలు లేచి పడుతున్నాయి, లేచి పడుతున్నాయి. మధ్యలో నిశ్చలంగా ఉంటున్నాయి.

"నా కారు పైకప్పు సొట్ట పడ్తది," అన్నాడు రుద్రేష్.

"నీ కారా?" అన్నాడు భూమన్న.

ఇక మిగిలింది చప్పుళ్లు. నంబర్ ప్లేటు వెనక స్పాంజి పట్టీ అంటించాడు, అది నోరు మూసుకుంది. డిక్కీ తాళానికి రబ్బరు ముక్క పెట్టాడు. వెనక అద్దం కింది పలక మాత్రం మొండికేసింది. దాని కింద గుడ్డ దోపితే చప్పుడు ఆగింది గానీ, ఆగిన వెంటనే పైకప్పు మీది చెయ్యి కూడా వెనకబడింది. అక్షత కిటికీలోంచి తల బయటపెట్టి, ఏం చేశావని వేలితో ప్రశ్నించింది. ఆ పలక, సీటు ఒకే చట్రానికి ఉన్నాయి. ఒకదాన్ని నొక్కితే రెండోదీ నీరసపడుతోంది. జయన్న గుడ్డను వెనక్కి లాగేశాడు. పలక గర్రుమంటూనే ఉంది.

పాట ఆపించి అక్షతను కారు దిగమన్నాడు. బరాత్ బాక్సుల్లాగే దెబ్బ బయటి గాలికీ రావాలని డిక్కీ మూత పూర్తిగా ఎత్తాడు. ఆమెను గోడ వైపు మొహం తిప్పి నిలబడమని సైగ చేశాడు. రుద్రేష్‌నూ భూమన్ననూ ఆమె కంటికి కనపడకుండా షెడ్డు లోపలికి పంపాడు. అంకిత చెప్పిన పాటల్లో మొదటిది ఇంతసేపూ ఆమె వీపు మీద నడిచినదే. అది పెట్టాడు.

మొదట అక్షత ఒక చెయ్యి కారు అంచున ఆనించుకుంది. కాలు కదిపింది. నిమిషం గడిచాక వేళ్లు ఒక్కొక్కటే ఎత్తి, చెయ్యి తీసేసింది. గోడ తప్ప ఎదుట ఏమీ లేదు. చూసుకోవడానికి ఎవరి కాళ్లూ లేవు. ఆమె కాలు దుమ్ములో పడింది, డోలుతో పాటే పడింది. భుజం వచ్చింది, మెడ వచ్చింది. మెడలోని కొలతల టేపు ఎగిరి వీపు మీద పడింది. ఒక్కచోట తప్పింది, నాలుక కరుచుకొని మళ్లీ అందుకుంది. జయన్న చేతులు కట్టుకొని ఆమె మడమల వైపే చూశాడు. బోల్టు బిగుసుకుందో లేదో చూసే చూపే అది.

పాట అయ్యాక ఆమె తిరిగి, ఎట్లుందన్నట్టు గడ్డం ఎగరేసింది. జయన్న బొటనవేలు ఎత్తలేదు. కారు తలుపు మీద అరచేత్తో ఆ డోలు నడకను ఒకసారి కొట్టి చూపించి, ఆమె తప్పిన దెబ్బ దగ్గర ఆగి వేలు చూపించాడు. అక్షత వచ్చి, తన అరచేతిని తలుపు మీద ఆనించి, మళ్లీ కొట్టమంది. కొట్టాడు. తల ఊపింది. దొరికింది.

జయన్న డిక్కీ మూశాడు. గుడ్డతో మూత మీది వేలిముద్రలు తుడిచాడు. బోల్టులు నాలుగూ ఒక్కోసారి చేత్తో తిప్పి చూశాడు. తాళం చెవి తెచ్చి, చెయ్యి చాపిన రుద్రేష్‌కు ఇవ్వకుండా అక్షత చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని పిడికిట్లో మూసుకొని, ఫోన్ తీసి ఒక్క ముక్క రాసి చూపించింది. "ఆదివారం నువ్వు గూడ రావాలె. కాళ్లు చూడొద్దు."

"వస్త," అన్నాడు జయన్న, పెదవులు కనపడేలా.

కారు కదిలింది. వెనక సీట్లో అక్షత వీపు ఆనించి కూర్చుంది. రుద్రేష్ పాట పెట్టాడు. మనూర్ రోడ్డు మీదికి ఎక్కుతుంటే వెనక పలక గర్రుమని అరిచింది.

"జయన్న కార్ల చప్పుడొస్తుంది!" అని భూమన్న రోడ్డంతా వినిపించేలా కేకేశాడు. "ఏ, ఇనుర్రి! జయన్న చేసిన కార్ల చప్పుడొస్తుంది!"

"రానియ్," అన్నాడు జయన్న, నేల మీద పడి ఉన్న గొంగడి ముక్కల దుమ్ము దులుపుతూ.